ఎన్నికల ప్రచారం – సమ్యక్ వాక్కు



ఉపాసకులారా, ఎన్నికలొస్తే చాలు, ప్రచార ప్రకటనల నిండా తిట్లే. అది చూసి కొందరు "ప్రత్యర్థిని విమర్శించడమే నిషేధించాలి" అంటున్నారు. అది ధమ్మం కాదు.

ఎదుటివారికి నచ్చని మాట మీరు అంటారా అని అభయ రాజకుమారుడు తథాగతుణ్ణి అడిగాడు. "నీ ఒళ్ళో బిడ్డ నోట్లో రాయి పడితే ఏం చేస్తావు?" అన్నారాయన. రక్తం వచ్చినా తీసేస్తాను, బిడ్డ మీద దయతోనే అన్నాడు అభయుడు. చేదు మాటా అంతే. అది నిజం కావాలి, మేలు చేయాలి, సమయమెరిగి అనాలి.

బాబాసాహెబ్ కూడా కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారో 1945లో పుస్తకమే రాసి, ఆధారాలతో నిలదీశారు. విమర్శను నిషేధిస్తే ముందు మూగబోయేవి మన వాడలే.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా విధానాలను, గత పనితీరును విమర్శించుకోమంటుంది. సొంత జీవితం జోలికి, రుజువులేని ఆరోపణల జోలికి పోవద్దంటుంది. కాబట్టి సబ్‌ప్లాన్ నిధులు ఏమయ్యాయని గట్టిగా అడగండి. అభ్యర్థి ఇంటి ఆడవాళ్ళ మీద వీడియో వస్తే, అది మన పార్టీవాళ్ళు చేసిందైనా సరే, ఎవరికీ పంపకండి. అబద్ధమాడనని మనం తీసుకున్న నాలుగో శీలం ఎన్నికలప్పుడూ శీలమే.

భవతు సబ్బ మంగళం.