తలుపు తెరచి బయటకు రండు



ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు మార్గము సుమారు 120 కిలోమీటర్లు. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు పెరుగు సీమ యది. మేమా దారిని పలుమారులు పయనించితిమి. కారు కిటికీలు బిగించుకొని, చేతిలోని ఫోనును చూచుకొనుచు పోయి, గోదావరి వంతెన వచ్చినపుడు మాత్రము తలయెత్తితిమి. క్షేత్రమును చూచి మరలి వచ్చితిమే గాని, త్రోవలో నొక్క చెట్టు నీడనైనను నిలువలేదు. ఈ లోపము మాది. నేటి ప్రసంగమునకు హేతువు నదియే.

విద్యావంతులమని చెప్పుకొను మన దినచర్యను పరికింపుడు. లేచినది మొదలు పరుండువరకు ఇల్లు విడిచి కారులోనికి, కారు విడిచి కచేరిలోనికి, కచేరి విడిచి మరల ఇంటిలోనికి మారుచుందుము. సూర్యోదయమును చూచి యెన్ని దినములైనదో చెప్పజాలము. రక్తపు పోటు, మధుమేహము, నిద్రలేమి, కారణము తెలియని దిగులు మన యిండ్లలో చుట్టములవలె తిష్ఠ వేసియున్నవి. వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చి, ప్రతిదినము నడువుమనును. మనము మాత్రలు మ్రింగి, నడకను రేపటికి వాయిదా వేయుదుము. ఈ శరీరము మన సొత్తు గాదు; పరమేశ్వరుడు మన యొద్ద దాచిన నిక్షేపము. నిక్షేపమును అశ్రద్ధచే చెడగొట్టినవాడు ఎన్ని ప్రార్థనలు సల్పినను ఋణస్థుడే గదా!

చెట్టు నీడయు, బయటి గాలియు మేలు చేయునను పెద్దల మాటను ఇటీవలి శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూచిరి. జపాను అటవీశాఖవారు 1982లోనే దీనికి ‘అరణ్యస్నానము’ అను అర్థముగల పేరు పెట్టిరి. 1984లో రోజర్ ఉల్రిచ్ అను అమెరికా పరిశోధకుడు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరములను పోల్చి చూచెను. కిటికీనుండి చెట్లు కనబడినవారు, ఇటుకగోడ కనబడినవారికంటె త్వరగా ఇల్లు చేరిరి. నొప్పికి బలమైన మందులను తక్కువగా గొనిరి. ఇంగ్లండులో సుమారు 20,000 మందిని విచారించి 2019లో ప్రకటించిన పరిశీలనలో, వారమునకు 120 నిమిషములైనను ప్రకృతి నడుమ గడుపువారిలో ఆరోగ్యము బాగున్నదని చెప్పినవారు హెచ్చుగా నుండిరి. ఆరోగ్యవంతులే హెచ్చుగా బయట తిరుగుదురేమో యను సందేహము న్యాయమైనదే. అయినను రెండు గంటల నడకకు రూకలక్కరలేదు. పరీక్షించి చూచుటవలన నష్టమేమి?

దేహమునకే కాదు, మనస్సునకును ఇది యౌషధము. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు 1863లో బోల్పూరు చెంత, చెట్ల నీడలో ధ్యానము చేసికొనుటకై, శాంతినికేతనమును నెలకొల్పెను. 1901లో ఆయన కుమారుడు రవీంద్రుడు అచ్చటనే పాఠశాల పెట్టి బాలురను చెట్ల క్రింద కూర్చుండబెట్టి చదివించెను. ఆకాశమే కప్పుగా గల ఆ మందిరమునకు తాళము లేదు. లోనికి రావలదని యే జాతివానిని వారించువాడును లేడు.

అయితే యొకటి మరువరాదు. మనకు విహారస్థలమైన యడవి కోయలకును, కొండరెడ్లకును జీవనాధారము. మండువేసవిలో తునికాకు కోయు తల్లికి, ‘కొంచెము బయట తిరుగుము, ఆరోగ్యము కలుగును’ అని మనము బోధింపగలమా? ఆమెకు కావలసినది చేరువలో వైద్యుడు, మంచినీరు, దోమతెర. పూర్వులు మన్యపు జ్వరమని భయపడిన మలేరియా ఈ యడవులలో ఎందరినో బలిగొన్నది. కావున అడవి సర్వరోగ నివారిణి యనుట అసత్యము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఆ నేలపై గిరిజనులకు గల హక్కును గుర్తించినది. మనము అచ్చట అతిథులము. అతిథి యింటివారి కుశలమడుగును, వారి కష్టమున పాలుగొనును. ఆరోగ్యమును మూటగట్టుకొని వచ్చి, ప్లాస్టికు సంచులను విడిచి వచ్చువాడు అతిథి గాడు.

కావున మిత్రులారా, ఈసారి భద్రాచలమునకు పోయినపుడు ప్రొద్దు పొడుచు వేళ గోదావరి యొడ్డున నొక గడియ నడువుడు. పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయముకడ ఫోను కట్టిపెట్టి మౌనముగా కూర్చుండుడు. అంత దూరము పోలేనివారికి ఖమ్మమున లకారము చెరువు గట్టున్నది. పిల్లలను వెంట గొనిపొండు. ఇంటి యాడువారిని వంటింట విడిచి పోకుడు. గాలియు వెలుతురును పురుషుల కొరకే సృజింపబడలేదు.

దయామయా, నీవు వెలుతురును, నీడను, నీటిని వెల లేక యిచ్చితివి. వానిని స్వీకరించు తీరికను, వానినే నమ్మి బ్రదుకువారియెడ సోదరభావమును మాకు ప్రసాదింపుము. ఓం శాంతిః శాంతిః శాంతిః.