మీరు పదండి, నేనొస్తా

పోయిన వానాకాలంలో ఒక శనివారం, తెల్లారకముందే సుచిత్ర చౌరస్తా దగ్గర ఎనిమిది మందిమి కలుసుకున్నాం. సైకిళ్ళ మీద నిజామాబాద్ దాకా వెళ్ళి, రాత్రికి అక్కడే పడుకుని, మర్నాడు తిరిగి రావాలి. టీ తాగుతూ ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ఎవర్నీ వదిలేసి పోవద్దు. అప్పటికింకా చినుకు పడలేదు. ఆ మాట అనడానికి ఎవరికీ ఏ ఖర్చూ లేదు.

మేడ్చల్ దాటాక పట్టుకుంది వాన. 44వ నంబరు జాతీయ రహదారి మీద వానంటే పైనుంచి పడేది సగమే, మిగతా సగం లారీ టైర్లు చిమ్ముతాయి. తూప్రాన్ చేరేసరికి ఒకతను బాగా వెనకబడ్డాడు. మా గుంపుకి కొత్త. తడిసిన బ్రేకులు సరిగా పట్టడం లేదు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక దుకాణం రేకుల కింద 20 నిమిషాలు ఆగాం. వచ్చాడు, మా మొహాలు చూశాడు. "మీరు పదండన్నా, నేను మెల్లగా వస్తా" అన్నాడు.

"పక్కానా?" అనడిగాను. "పక్కా" అన్నాడు. పోయాం.

అతను రాలేదు. ఏదో డీసీఎంలో సైకిలేసుకుని ఇంటికి చేరానని సాయంత్రం మెసేజ్ పెట్టాడు. అందులో కోపమేమీ లేదు, చివర్లో నవ్వు బొమ్మ కూడా ఉంది. ఆ తర్వాత మాతో ఏ రైడ్‌కీ రాలేదు.

మేం చేసింది తప్పా? పెద్దవాడు, తనే పొమ్మన్నాడు కదా అంటారు ఎవరైనా. చాన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను. కానీ ఒక చిన్న సంగతి అడ్డం పడుతోంది. భోజనాల వేళకి మనింటికి వచ్చినవాళ్ళు "వద్దండీ, ఇప్పుడే తిన్నాం" అంటారు. ఆ మాట ఎవరూ నమ్మరు. రెండోసారి అడుగుతాం, మూడోసారికి కంచం పెట్టేస్తాం. మాటకీ మనసుకీ మధ్య మొహమాటం ఉంటుందని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మరి తూప్రాన్‌లో ఆ తెలివి ఏమైంది? మొదటి జవాబుకే ఎలా నమ్మేశాను? నమ్మితే నాకు లాభం కాబట్టి. అతనికేం కావాలో నేను వినలేదు, నాకు కావలసింది విన్నాను.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, కామారెడ్డి దాకా మేం మాట్లాడుకున్నది అతని గురించే. ప్రాక్టీసు లేకుండా వచ్చాడు, మడ్‌గార్డులు పెట్టుకోలేదు, జాకెట్ చవకది. మహాప్రస్థానిక పర్వంలో ద్రౌపది మొదలుకుని ఒక్కొక్కరే పడిపోతుంటే, ఎందుకిలా అని భీముడు అడుగుతాడు. ధర్మరాజు ప్రతిసారీ పడినవాళ్ళలో ఒక దోషం చెప్పి, వెనక్కి చూడకుండా నడుస్తాడు. చిన్నప్పుడు అదేదో ధర్మసూక్ష్మం అనుకున్నాను. కారణం దొరికితేనే కదా కాళ్ళు ముందుకి పడేది అని ఇప్పుడనిపిస్తోంది. అదే ధర్మరాజు స్వర్గం గుమ్మం దగ్గర కుక్కని వదలనని మొండికేస్తాడు. కానీ ఆ కుక్క ఏమీ అనలేదు. "మీరు పదండి, నేనొస్తా" అని ఉంటే?

సైకిల్ లోకంలో ఈ తగువు పాతదే. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో 'ఆడాక్స్' నియమాలు రాశాడు. వాటి ప్రకారం గుంపంతా కెప్టెన్ వెనక ఒకే వేగంతో కలిసి సాగాలి. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ఆయనతో విభేదించి, ఎవరి వేగం వాళ్ళదే అనే పద్ధతి తెచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనూ జరిగే బ్రెవేలు ఈ రెండో దారివే. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, ఎవరి బాధ్యత వాళ్ళది. వానొచ్చినా గడియారం ఆగదు.

ఆ రెండో దారిలో నాకు తప్పేమీ కనబడదు. అక్కడ ఎవరూ ఎవరికీ మాటివ్వరు, ఒంటరిగా తడవడానికి సిద్ధపడే వస్తారు. మేం మాత్రం సుచిత్రలో మొదటి దారి మాటిచ్చి, వాన రాగానే రెండో దారి పట్టాం. పైగా ఆ మార్పుని అతని నోటితోనే చెప్పించాం.

మరి అతని మాటకి విలువివ్వొద్దా? నీకేం కావాలో నీకన్నా నాకే బాగా తెలుసు అనడం కూడా పొగరే. నిజమే. కానీ వణుకుతున్నవాణ్ణి ఏడుగురి ముందు నిలబెట్టి "పక్కానా?" అంటే, జవాబు చెప్పేది అతని పరువు. "వాళ్ళని పోనీ, నేను నీతో ఉంటా" అని ఒక్కరు సైకిల్ దిగి ఉంటే నిజం చెప్పే వీలుండేది. అప్పుడు కూడా పొమ్మంటే, అది అతని మాటే. పాత కెప్టెన్ నియమంలోని మంచి నాకిప్పుడు అర్థమవుతోంది. అక్కడ వెనకబడ్డవాడు ఆగమని అడుక్కోనక్కర్లేదు, పొమ్మని త్యాగమూ చెయ్యనక్కర్లేదు. ఆ బరువు నియమమే మోస్తుంది.

ఇప్పుడు బయల్దేరేముందు మేం ఇంకో మాట చేర్చుకున్నాం. చివరివాడితో ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఎవరనేది సుచిత్రలోనే తేలాలి, వాన మొదలయ్యాక బేరాల్లేవు. పోయిన నెల నా వంతు. శామీర్‌పేట దగ్గర చివరి కుర్రాడు "మీరు పదండన్నా" అన్నాడు. నేను సైకిల్ గోడకి ఆనించి రెండు టీలు చెప్పాను.

పాత లెక్క మాత్రం అలాగే ఉంది. ఆ సాయంత్రం అతను పెట్టిన మెసేజ్‌కి నేనిచ్చిన జవాబు ఒక బొటనవేలు బొమ్మ.