మూగబోయిన పెట్టెను బాగుచేయుట
చదువవలసిన భాగము: గలతీయులకు 6:1–5

ప్రియులారా, బల్లమీద నుంచి పాటలు వినెడి పాత ఫోనోగ్రాఫు పెట్టెలు అక్కడక్కడ అటకలమీద దొరకుచుండును. కొన్నిటికి పేరు రేకు ఊడిపోయి యుండును. కీ త్రిప్పినను కదలవు. అట్టిదానిని బాగుచేయగోరు మంచి పనివాడు ముందుగా సుత్తి పట్టుకొనడు, నిదానించి చూచును. మోటారుమీది అంకెలను చదువును. సౌండు బాక్సు ముఖము రికార్డువైపునకు తిరిగియున్నదో, ప్రక్కకు తిరిగియున్నదో పరీక్షించును.

ఇంత పరీక్ష ఎందుకు? పెట్టెలన్నియు ఒక్కరీతిగా పాడవు గనుక. మనమెరిగిన గ్రామఫోను రికార్డులో గాడి ప్రక్కలకు వంకరలు తిరుగును. ఉక్కు ముల్లు దానిని చదువును. అయితే 1906 నాటికే ఫ్రాన్సు దేశపు పాథే కంపెనీ వేరొక విధమైన రికార్డులను అమ్ముచుండెను. వాటి గాడిలో శబ్దము ఎత్తుపల్లములుగా నుండును. వాటికి ముల్లు కాదు, చిన్న నీలమణి గుండు కావలెను. తొలినాటివి మధ్యనుండి అంచుకు పాడెడివి. ఇది ఎరుగక ఉక్కు ముల్లు పెట్టినవాడు పాటను వినలేడు సరికదా, గాడిని చెరుపును. ఆపైన పెట్టెయే పనికిరానిదనును!

గుర్తించిన తరువాతనే మరమ్మతు. తరచుగా లోపల విరిగినదేమియు నుండదు. కందెన ఎండి గట్టిపడును, సౌండు బాక్సులోని రబ్బరు చుట్టు రాయివలె నగును. పాత జిడ్డును మెల్లగా తుడిచి, క్రొత్త కందెన వేసి, రబ్బరు మార్చవలెను. స్ప్రింగు డబ్బాను తొందరపడి విప్పినవాని చేయి తెగును. ఇంత చేసినను గరగర కొంత మిగిలియుండును. అయినను పాట వినబడును.

తప్పిపోయిన సహోదరుని సాత్వికముతో మరల సరిచేయుడని పౌలు గలతీయులకు వ్రాసెను. అక్కడ వాడిన గ్రీకు క్రియయే మార్కు సువార్త మొదటి అధ్యాయములో యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుటను గూర్చియు వాడబడినది. వల చినిగినదని జాలరి దానిని పారవేయడు. చినిగిన చోటు వెదకి, ముడి వేయును.

మన సంఘములలో మూగబోయినవారు లేరా? ఒకప్పుడు ముందు వరుసలో కూర్చుండి పాడినవాడు నేడు ఆరాధనకు రాడు. “వాని భక్తి అయిపోయినది” అని మనము తీర్పు చెప్పుదుము. అప్పుల సిగ్గో, పంట పోయిన దుఃఖమో, మనలోనే యొకరు పలికిన కఠినమైన మాటయో విచారించితిమా? ఒకనికి పనిచేసిన గద్దింపు మరియొకని హృదయమును గీరివేయును. పేతురు మూడుమారులు బొంకినను, ప్రభువు అతని మనస్సును అడిగి తెలిసికొని, మరల పని అప్పగించెను.

కాబట్టి ఈ వారము అట్టి ఒక్కరి యింటికైనను వెళ్లుదము. తక్కువ మాటలాడి, ఎక్కువ విందము. మనమును శోధింపబడువారమే గనుక అతిశయము విడిచి వెళ్లుదము. మనలను చేసిన చేతులు వారినిని చేసినవి. వారి స్వరము ఎట్టిదో ఆయన మరచిపోలేదు. ఆయన మనకు ఓర్పుగల చేతులను దయచేయును గాక. ఆమేన్.