క్యాలెండరు – అప్పుల పుస్తకము



జనవరి 1 నుండి డిసెంబరు 31 వరకు గల కాలమును క్యాలెండరు సంవత్సరము అంటాము. ఏదో ఒక తేదీ నుండి లెక్కించే పన్నెండు నెలలు వేరు, ఇది వేరు. మా విచారణ కార్యాలయములో ఈ తేడా నిత్యము ఎదురవుతుంది. జ్ఞానస్నానముల రిజిస్టరులో జనవరి వచ్చిందంటే మళ్లీ ఒకటో నంబరు. జమాఖర్చుల పుస్తకము మాత్రము ఏప్రిల్ 1న మొదలవుతుంది. పిల్లల చదువులకు జూన్ నెల, దైవార్చనకు ఆగమనకాలపు మొదటి ఆదివారము. ఇక ఉగాది ఉండనే ఉంది.

మన గోడకు వేలాడే క్యాలెండరు 1582లో పదమూడవ గ్రెగోరి పోపుగారు సవరించినది. ఆ యేట రోములో అక్టోబరు 4 తరువాత తెల్లవారితే అక్టోబరు 15! ఆ పది రోజుల వలన ఎవరికీ నష్టము కలుగరాదని, చెల్లింపుల గడువును పది రోజులు పొడిగించవలెనని పోపుగారు అదే శాసనములో న్యాయాధిపతులను ఆదేశించారు. సూర్యుని లెక్క సరిచేస్తూ కూడా ఆయన అప్పుపడిన వానిని మరువలేదు.

మరువకపోవడానికి కారణమున్నది. 'కలెందే' అంటే లాటినులో నెల మొదటి రోజు. రోమీయులకు అది వడ్డీ కట్టవలసిన రోజు. 'కలెందారియుమ్' అంటే వడ్డీ వ్యాపారి పద్దు పుస్తకము. క్యాలెండరు అన్న మాట అక్కడి నుండే వచ్చింది.

మన ఊళ్లలో క్యాలెండరును అందరికంటే శ్రద్ధగా చూచేది ఎవరు? ప్రామిసరీ నోటు పెట్టెలో దాచుకున్నవారు. ఉగాదికి ఇస్తానన్నా, క్రిస్మసుకు ఇస్తానన్నా, 1963 నాటి కాలపరిమితి చట్టము గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారమే లెక్కిస్తుంది. 2024 జూన్ 10న వ్రాసిన నోటుకు 2027 జూన్ 10 దాటితే కాలదోషము పడుతుంది. అందుకని ముందుగానే వెళ్లి, వంద రూపాయలైనా చెల్లు వేయించుకుంటారు. లేదా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగ వ్రాయిస్తారు. వేలిముద్ర వేసేవానికి అంకె ఎంత పెరిగిందో తెలియదు.

దేవుడు ఈ లెక్కను ఎరుగును. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చదవండి. ఏడవయేట అప్పులు రద్దు చేయవలెనని ఆజ్ఞాపించిన ప్రభువు, ఆ ఏడు దగ్గర పడుతున్నదని చూచి పేదవానికి చేబదులు ఇవ్వక మొగము చాటువేయువానిని కూడా అక్కడే హెచ్చరించాడు. మనుష్యుడు ధర్మశాస్త్రమును సైతము క్యాలెండరు పెట్టుకొని చదువుతాడని ఆయనకు తెలుసు. పరలోక జపములో మనము పలికే మాట కూడా 'అప్పు' అనే కదా! రోజూ పలికి పలికి దాని బరువు మనకు తెలియకుండా పోయింది.

"అయితే ఫాదర్, ఇచ్చినవాడు మునిగిపోవాలా?" అని అడిగేవారుంటారు. ఇచ్చిన సొమ్ము అడగడము పాపము కాదు. ఆడపిల్ల పెండ్లికని కూడబెట్టినది ఇచ్చి, అది తిరిగిరాక ఏడ్చినవారిని నేనెరుగుదును. నా మాట వారిని గురించి కాదు. అసలుకు మించి ఎప్పుడో ముట్టజెప్పినా, మూడేండ్లకొకసారి క్రొత్త నోటు మీద వేలిముద్ర వేస్తున్నవాని గురించి. అటువంటి నోటు మీ పెట్టెలో ఉంటే, ఈ క్యాలెండరు గోడ దిగకముందే ఆ మనిషిని ఇంటికి పిలవండి. కూర్చోమనండి. ఇంతవరకు ఇచ్చినదంతా అతని యెదుటనే, పైకి చదువుతూ కూడండి.