ధర్మవ్యాధుడి పూర్వజన్మ, టెక్సాస్‌లో జింకల వేట

పోయిన వారం ఛానెల్‌లో ధర్మవ్యాధుడి కథ వీడియో పెట్టాం కదా, అది చూసి నాతో ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండ్ ఒకడు టెక్సాస్ నుంచి వాట్సాప్ చేశాడు. ఈమధ్యే కొత్త ఊరికి మారాడు. అక్కడ ఆఫీసులో వాళ్లు విల్లు, బాణాలతో జింకల వేటకి, టర్కీ కోళ్ల వేటకి వెళ్తారట. వీడిని కూడా రమ్మంటున్నారు. "లైసెన్సు ఉంటే ఇక్కడ తప్పేం కాదురా. మన లెక్కలో పాపమా, కాదా, అది చెప్పు" అన్నాడు. ఒక్క మెసేజ్‌లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గరైతే అసలు ఈ ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణ కలిసి వేట సరదాకి తలుపులు మూసేశాయి. తెలంగాణ రాష్ట్ర జంతువే జింక. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా దానికి ఆయన పేరు పెట్టారు. మా ఉస్మాన్‌గంజ్ చుట్టుపక్కల హోల్‌సేల్ దుకాణాలు నడిపే జైన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఉల్లిగడ్డ కూడా ముట్టరు. వాళ్లనడిగితే ఈ ప్రశ్నకి జవాబు అర నిమిషంలో వస్తుంది, అందులో తప్పు పట్టడానికి నాకేం కనిపించదు. కానీ మా ఫ్రెండ్ ఆదివారం చికెన్ తినేవాడు. నేనూ అంతే. కోడిని ఎవరో కోస్తే కవర్లో తెచ్చుకునేవాడు, తన చేత్తో చంపేవాడి కంటే పుణ్యాత్ముడు ఎలా అవుతాడు? ధర్మవ్యాధుడు కూడా ఈ మాట దాచలేదు. తాను చంపడు, ఇతరులు చంపిన మాంసం అమ్ముతాడు, తాను మాత్రం తినడు. నాగలి దున్నితే ఎన్ని ప్రాణాలు పోతాయో చూడమని కౌశికుడికే చెప్పాడు.

వీడియోలో టైం చాలక మేం వదిలేసిన భాగం ఒకటుంది. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు తన పూర్వజన్మ చెప్తాడు. అప్పుడాయన వేదం చదువుకున్న బ్రాహ్మణుడు. విలువిద్య అంటే ప్రాణమిచ్చే ఒక రాజుతో స్నేహం కుదిరింది. ఆ స్నేహంలోనే విల్లు పట్టడం నేర్చుకున్నాడు, రాజుతో కలిసి వేటకి పోయాడు. ఒక ఆశ్రమం దగ్గర వేసిన బాణం పోయి ఋషికి తగిలింది. జింక అనుకున్నాను స్వామీ అన్నాడు. వ్యాధుడిగా పుట్టమని శాపం వచ్చింది. చదువుకున్నవాడు, కొత్త స్నేహితులు, సరదాగా ఒకసారి పోయి వద్దామనడం... ఇది చదివినప్పుడు మావాడే గుర్తొచ్చాడు.

దశరథుడిదీ ఇలాంటిదే. సరయూ ఒడ్డున, చీకట్లో, శబ్దం విని బాణం వేశాడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు, కడవ ముంచుతున్న ముని కుమారుడు చచ్చిపోయాడు. ఈ రెండు కథల్లోనూ అడిగేది ఒక్కటే: కనపడకుండా ఎందుకు వదిలావు?

మూడోది పాండురాజు కథ. నా ఉద్దేశంలో మావాడికి అసలు పనికొచ్చేది ఇదే. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందమ మహర్షిని పాండురాజు కొట్టాడు. వేట రాజులకి ధర్మమే అని వాదించాడు కూడా. కిందముడు ఆ వాదన కొట్టిపారేయలేదు. జింకని చంపినందుకు నిన్ను తప్పు పట్టను, జంటగా ఉన్న సమయంలో కొట్టావే, ఆగలేకపోయావా, అన్నాడు.

ఇప్పుడు టర్కీ వేట చూడండి. దాని ప్రధాన సీజన్ వసంతం, అంటే అవి జతకట్టే కాలం. వేటగాడు కదలకుండా దాక్కుని పెట్ట గొంతుతో పిలుస్తాడు. దూరంగా ఉన్న పుంజు అరుస్తూ, తోక విప్పుకుంటూ దగ్గరికొస్తుంది. టర్కీకి కంటిచూపు మహా గట్టిది, వేలు కదిలినా పారిపోతుంది. అలాంటిది, ఆ పిలుపుకి జాగ్రత్త మరిచిపోతుంది. రాముడి గొంతుతో అరిచిన మారీచుడు నాకిక్కడ గుర్తొస్తాడు. అక్కడి శాస్త్రజ్ఞుల లెక్క వేరే. చాలా పెట్టలు అప్పటికే జతకట్టి ఉంటాయి, కొన్ని పుంజులు పోయినా సంతతి తగ్గదు అంటారు. లెక్క సరైనదే కావచ్చు. కిందముడు సంతతి గురించి మాట్లాడలేదు కదా!

జింకల విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. టెక్సాస్‌లో విల్లు వేట సెప్టెంబరు చివర్లో గానీ అక్టోబరు మొదట్లో గానీ మొదలవుతుంది, తుపాకుల సీజన్ నవంబరులో. చాలాచోట్ల మగ జింకలు ఆడవాటి వెంట పిచ్చెక్కి తిరిగేది కూడా నవంబరు చుట్టుపక్కలే. వేటగాళ్లు కాచుకుని కూర్చునేది ఆ రోజుల కోసమే. మావాడు పోవాలనుకుంటే అక్టోబరు మొదట్లో పోవాలి, వసంతంలో టర్కీ జోలికి పోకూడదు. ఇదీ నేను చెప్పింది.

ఇంకోవైపు న్యాయం కూడా చెప్పాలి. అమెరికాలో జింకలు, టర్కీలు ఒకప్పుడు వేటవల్లే దాదాపు అంతరించే దాకా వచ్చాయి. 1937లో తుపాకులు, తూటాల మీద ఉన్న పన్ను డబ్బును వన్యప్రాణుల రక్షణకి మళ్లించారు. మనం చట్టం చేసిన 1972లోనే వాళ్లు విల్లుల మీద కూడా ఆ 11 శాతం పన్ను వేస్తూ చట్టం చేశారు. ఇప్పుడు జింకలు కోట్లలో ఉన్నాయి. చాలాచోట్ల తోడేళ్లు లేవు, కార్ల కింద పడి పోయేవే లెక్కలేనన్ని. అక్కడ వేట అంటేనే రాక్షసత్వం అని ఇక్కడ కూర్చుని తీర్పు ఇవ్వడం నాకు నచ్చదు. కన్నప్ప కూడా వేటగాడే కదా అని సమర్థించుకునేవాళ్లూ నచ్చరు. తిన్నడికి వేట బతుకుతెరువు. పైగా చివరికి ఆయన శివుడికిచ్చింది జింక కన్ను కాదు.

విల్లు మొదలుపెట్టేవాళ్లు ముందు చేయాల్సింది కోర్సు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి వేట శిక్షణ తప్పనిసరి. ఆ తర్వాత నెలల తరబడి సాధన. ఇరవై గజాల దూరంలో, అన్నం తినే ప్లేటంత చోట ప్రతి బాణమూ పడాలి. అక్కడ పడితే గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని జింక కాసేపట్లో పోతుంది. ఒక జానెడు వెనక్కి తగిలితే గంటల తరబడి చస్తుంది. బాణం తగలగానే వెంటపడకూడదు, కనీసం అరగంట ఆగాలి. లేకపోతే గాయంతోనే ఎక్కడికో పోయి పడుతుంది. తర్వాత నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెతకాలి. చీకటి పడినా, మర్నాడు ఆఫీసు ఉన్నా వెతకాలి. వెతికే ప్రయత్నం చేయకపోవడం, తినదగిన మాంసం పారేయడం టెక్సాస్ చట్టంలోనూ నేరమే.

"జింక దొరక్కపోతే ఎంతసేపు వెతుకుతావు?" అని అడిగాను. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. రెండు రోజులైంది, జవాబు రాలేదు. ఆ కోర్సుకి మాత్రం పేరు ఇచ్చాడట, వాళ్ల చెల్లెలు చెప్పింది.