బిడ్డను తూచుట

అంగన్వాడీలో నెలకొకమారు బిడ్డలను తూచునప్పుడు కొందరు అవ్వలు అడ్డుపడుదురు. తూచినచో బిడ్డకు దిష్టి తగులునని వారి భయము. చదువుకొన్నవారము గనుక మేము దీనిని విని నవ్వితిమి. కాని ఆలోచించినకొలది ఆ ముసలివారి శంకలో తేలికగా త్రోసివేయరాని ప్రశ్న యొకటి కలదని తోచుచున్నది: ఒకరి బిడ్డను తూచి, కాగితముపై వ్రాసికొని పోవుటకు మనకేమి యధికారము?

తూకము వలని ప్రయోజనమును మేము కాదనుట లేదు. కార్డుపై నెలనెలకు పెట్టు చుక్కలను కలిపినచో గీత యేర్పడును. ఆకుపచ్చని పట్టీలో నున్న బిడ్డ బాగుగా నున్నట్లు, పసుపుపచ్చ దానిలో బరువు తగ్గినట్లు, నారింజలో మిక్కిలి తగ్గినట్లు లెక్క. అయితే రంగుకంటె గీత నడక ముఖ్యము. ఆకుపచ్చలోనే యుండియు రెండు మూడు నెలలు గీత పైకి లేవకున్నచో ఏదో కీడు సోకినదన్న మాట. తల్లి కన్ను దీనిని పట్టజాలదు. దినదినము చూచు ముఖములో మార్పు కనబడదు గదా!

మాటల విషయమును ఇట్టిదే. "వాని మేనమామకును మాటలు ఆలస్యముగనే వచ్చినవి" అని యింటివారు ఓదార్తురు. (మేనమామలందరును చివరకు మాటలాడినవారే!) చెవిటి బిడ్డయు తొలి నెలలలో కేరుచు, కూయుచు నుండును, కావున ఎవరికిని అనుమానము రాదు. మాట నేర్వవలసిన సంవత్సరములు అట్లే గడచిపోవును. ఓదార్పు ప్రేమవలననే పుట్టినది. కాని వినికిడిని పరీక్షింపక చెప్పిన ఓదార్పునకు వెల చెల్లించునది బిడ్డ.

"మన పిల్లలు పుట్టుకతోనే సన్ననివారు, పరదేశపు కొలత మనకేల?" అని కొందరందురు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన కొలతలు ఒక్క దేశపువి కావు. బ్రెజిలు, ఘానా, నార్వే, ఒమాను, అమెరికాల బిడ్డలతోపాటు మన ఢిల్లీ బిడ్డలను గూడ చూచి వానిని నిర్ణయించిరి. తల్లిపాలు, తగిన యాహారము, వైద్యము గలచోట పసిబిడ్డలు ఏ దేశమందైనను ఇంచుమించు ఒకే తీరున పొడవు పెరుగుదురని తేలినది. కావున గీత పడిపోయినపుడు జాతిని నిందించుటకు వీలు లేదు. మరి యెవరిని నిందింతుము? తల్లిని. "ఏమి పెట్టుచున్నావమ్మా, పిల్లవాడిట్లున్నాడు?" అని పదిమందిలో అడుగుదుము. బిడ్డను ఏడేండ్ల అక్క చంకకు అప్పగించి, తెల్లవారకమునుపే కూలికి పోవు తల్లి యేమి బదులు చెప్పగలదు? తల వంచుకొని పోవును. మరుసటి నెల తూకమునకు రాదు. అవ్వ చెప్పిన దిష్టి యిదియే కాబోలు.

తూచినవారు ఋణపడుదురని మా యభిప్రాయము. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము తూకముతో ఆహారమును, టీకాలను, వైద్యమును ముడిపెట్టినది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, ఎదుగుదలలో జాప్యమున్న బిడ్డలను కనుగొని జిల్లా కేంద్రమునకు పంపుటకు ఏర్పడినది. కాగితముపై బంధము సరిగనే యున్నది. కాని జిల్లా కేంద్రమునకు పోవుటయన్న ఒకనాటి కూలి పోవుట. అదియు ఒక్కమారు గాదు, పలుమారులు. చీటి వ్రాసి చేతికిచ్చి మన పని తీరినదని చేతులు దులుపుకొనుట న్యాయమా?

కార్డు పట్టుకొని కూర్చున్నవారు ఆ పాత ప్రశ్నను మాని వేరొకటి అడిగి చూడవలెను: "నీవు పొలమునకు పోయినపుడు బిడ్డ యెవరియొద్ద నుండునమ్మా?"