సమరీయుని రెండవ మాట



పవిత్ర గురువారం సాయంత్రం మన దేవాలయాలలో పన్నెండుమంది పీఠం ముందు కూర్చుంటారు. గురువు నడుముకు తువాలు చుట్టుకొని, మోకరించి, వారి పాదాలు కడుగుతారు. ఆ పాదాలను ఎప్పుడైనా గమనించారా? అవి ఇంటివద్దనే శుభ్రంగా కడుక్కొని వచ్చిన పాదాలు. మెట్లెక్కి పీఠం దగ్గరకు రాగలిగిన పాదాలు. ఆ మెట్లు ఎక్కలేని పాదాలు మన విచారణలో ఎన్ని ఉన్నాయి? వాటిని ఎవరు కడుగుతారు? ఈ తపస్సు కాలంలో ఈ ప్రశ్నను మీ కుటుంబాల ముందు ఉంచుతున్నాను.

కాలు వంకరపోయిన బిడ్డ లేని ఊరు అరుదు. బడికి ఆలస్యంగా వచ్చే పిల్లవాడు, ఆటల వేళ గోడకు ఆనుకొని చూస్తూ కూర్చునే అమ్మాయి, పెళ్ళీడు వచ్చినా ఎవరూ సంబంధం అడగని ఆడపిల్ల మనకు తెలిసినవారే. వారిని చూసినప్పుడు మన కడుపు తరుక్కుపోతుంది. చేతిలో పదో పరకో పెడతాము. "వాడి తలరాత" అని నిట్టూర్చి ముందుకు సాగుతాము. వాటిలో చాలా కాళ్ళను వైద్యులు సరిచేయగలరన్న మాట మాత్రం మనకు తోచదు.

అపోస్తలుల కార్యములు మూడవ అధ్యాయంలో పుట్టుకతోనే కుంటివాడైన మనిషి ఒకడు కనిపిస్తాడు. భిక్షమెత్తుకొనేందుకు అతనిని దినదినము మోసుకొని వచ్చి, యెరూషలేము దేవాలయపు సుందర ద్వారము వద్ద దించేవారు. అతని వయస్సు నలభై ఏండ్లు దాటిందని తరువాతి అధ్యాయం తెలుపుతుంది. మోసినవారు చెడ్డవారు కారు. మోసుకొని రావడం కూడా ఒక దయే. కాని వారు అతనిని గుమ్మం వరకే తెచ్చారు. అడుక్కొనడానికి తెచ్చారే గాని, నడిపించాలన్న ఆశతో తేలేదు. ఆ దయ ప్రతిరోజూ అతనిని తెచ్చి అదే చోట కూర్చోబెట్టింది.

పేతురుగారు తన వద్ద వెండి బంగారాలు లేవని చెప్పి, యేసు నామమున అతని కుడిచేయి పట్టి లేపారు. అప్పుడు అతని పాదాలకు, చీలమండలకు బలం వచ్చిందని లూకాగారు రాశారు. లూకాగారు వైద్యుడని పౌలుగారి లేఖవల్ల మనకు తెలుసు. చీలమండల ఊసు వైద్యునికే తోస్తుంది కాబోలు! లేచిన ఆ మనిషి గంతులేసుకుంటూ అపోస్తలులతో కలిసి దేవాలయం లోపలికి వెళ్ళాడు. అంతకాలమూ గుమ్మం దగ్గర కూర్చున్నవాడు ఆ రోజు ప్రార్థన చేసే ప్రజలలో ఒకడయ్యాడు.

పేతురుగారి దగ్గర వెండి లేదు, ప్రభువిచ్చిన స్వస్థతా వరం ఉంది. మన దగ్గర ఆ వరం లేదు గాని, ఎంతో కొంత వెండి ఉంది. స్వస్థపరచే నేర్పును దేవుడు ఈనాడు వైద్యుల చేతులలో ఉంచాడు. మన వెండి ఆ చేతులను చేరితే ఒక బిడ్డ లేచి నడుస్తుంది.

ఏ కాళ్ళు సరిచేయదగినవో కొంచెం తెలుసుకుందాము.

మొదటిది, పుట్టుకతో వచ్చే వంకరపాదం. పాదం లోపలికి మెలి తిరిగి ఉంటుంది. సుమారు వెయ్యిమంది శిశువులలో ఒకరికి ఇది వస్తుంది. స్పెయిన్ దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇగ్నాసియో పాన్సెటి అనే వైద్యుడు దీనికి పెద్ద కోత అవసరం లేని పద్ధతిని చూపించారు. పుట్టిన కొద్దివారాలకే పాదాన్ని మెల్లగా తిప్పుతూ వారంవారం కట్టు మారుస్తారు. సాధారణంగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ వెనుక నరం వద్ద ఒక చిన్న గాటు పెడతారు. ఆ తరువాత మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేండ్ల వయస్సు వచ్చేవరకు రాత్రిపూట, ప్రత్యేకమైన బూట్లు తొడిగి ఉంచాలి. వాటిని మానేస్తే పాదం మళ్ళీ మెలి తిరుగుతుంది. పసితనంలో ఈ వైద్యం అందని పిల్లలకు పెద్దయ్యాక పెద్ద ఆపరేషన్లు అవసరమవుతాయి.

రెండవది, నీటిలోని ఫ్లోరైడు చేసే కీడు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి లోకానికి తెలిపారు. నల్గొండ ప్రాంతంలో పిల్లల మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకొనేలా లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వివరించారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమం. ఈ మధ్య సంవత్సరాలలో నల్గొండ పల్లెలకు కృష్ణా నీరు వచ్చింది, అందుకు దేవునికి స్తోత్రం. కాని నీరు మారినంత మాత్రాన ఇదివరకే వంగిన ఎముక నిటారు కాదు. ఎముకను కోసి, సరిచేసి, అతుక్కొనేవరకు కట్టు వేసి ఉంచాలి.

మూడవది, పోలియో మిగిల్చిన కాలు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియోనుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయితే అంతకుముందు ఆ జబ్బు సోకినవారు మన మధ్యనే ఉన్నారు. ఇవి గాక, మెదడుకు దెబ్బతగిలి పుట్టుకనుండి కండరాలు బిగుసుకుపోయిన పిల్లలు, ప్రమాదంలో విరిగిన ఎముక వంకరగా అతుక్కున్న యువకులు కూడా ఉన్నారు.

ప్రియ విశ్వాసులారా, ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను.

చాలా ఏండ్ల క్రితం నేను విచారణకర్తగా ఉన్న ఒకచోట, పోలియోవల్ల మోకాలు వంగిపోయిన కుర్రవాడు ఉండేవాడు. ఒక చేత్తో మోకాలిని నొక్కిపట్టుకొని, ఒంగి నడిచేవాడు. మేమంతా పూనుకొని చందాలు వేశాము. ఆపరేషన్ జరిగింది. కాలు చాపగలిగాడు. ఇనుప కడ్డీల కాలిపర్ తొడుక్కొని, నిటారుగా నిలబడి, ఒక ఆదివారం పూజకు వచ్చాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. నేను పీఠం మీదనుండి అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. చందాలలో కొంత సొమ్ము మిగిలింది. దానిని ఆ ఏటి పండుగ ఖర్చులో కలిపాము. ఎవరూ అడ్డు చెప్పలేదు, నాకూ తప్పనిపించలేదు.

తరువాత నాకు బదిలీ అయింది. కొన్నేండ్లకు ఆ దారిన వెళుతూ వారి ఇంటికి వెళ్ళాను. కాలిపర్ గోడకు మేకుకు వేలాడుతున్నది. పిల్లవాడు ఎదిగాడు గాని కాలిపర్ ఎదగదు గదా! కొత్తది చేయించడానికి పట్నం వెళ్ళాలి. వెళితే తల్లి కూలి పోతుంది, ఇద్దరికీ బస్సు చార్జీలు కావాలి. రోజూ చేయించవలసిన వ్యాయామం ఎవరూ చేయించలేదు. మోకాలు మళ్ళీ వంగింది. ఆ తల్లి నాకు మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, "మీరు చేసింది చాలా ఎక్కువ ఫాదరుగారూ, మా రాత ఇంతే" అన్నది. ఆమె నన్ను తిట్టి ఉంటే అంత బాధ కలిగేది కాదు. అది రాత కాదని నాకు తెలుసు. ఆ కాలు నిటారుగా ఉండడానికి కావలసిన డబ్బు మేము పందిళ్ళకు, దీపాలకు ఖర్చుపెట్టాము.

ఆ రాత్రి మంచి సమరీయుని కథ మళ్ళీ చదివాను. గాయపడినవానిని చూసి యాజకుడు పక్కదారిన పోయాడని ఎన్నిసార్లు బోధించానో! నేను పక్కదారిన పోలేదు. ఆగాను, కట్లు కట్టించాను, సత్రానికి చేర్చాను. కాని సమరీయుడు అక్కడితో ఆగలేదు. మరునాడు సత్రం యజమానికి రెండు దీనారాలిచ్చి, ఇంకొక మాట చెప్పాడు. ఇంతకు మించి ఏమైనా ఖర్చయితే, తిరిగి వచ్చేటప్పుడు తాను చెల్లిస్తానన్నాడు. నేను మరచిపోయినది ఆ రెండవ మాటను. మొదటి దినాన చేసిన దయను మనం గొప్పగా బోధిస్తాము. తిరిగి వస్తానన్న వాగ్దానాన్ని అంతగా పట్టించుకోము. ఆపరేషన్ ఒక్కరోజు పని. నడక నేర్చుకొనడానికి నెలలు పడుతుంది. ఎదిగే బిడ్డకైతే ఏండ్లు పడుతుంది.

అందుచేత ఈ తపస్సు కాలంలో మీ విచారణలలో నిధిని కూడబెట్టే ముందు, ఈ నాలుగు సంగతులు ఆలోచించండి.

మొదట, బిడ్డను ఎముకల వైద్యునికి చూపించి మొత్తం ఖర్చు రాయించుకోండి. ఆపరేషన్ ఖర్చుతో పాటు కట్లు, వ్యాయామ చికిత్స, కాలిపర్ లేక బూట్లు, వాటిని మళ్ళీ మళ్ళీ మార్చడం, ప్రయాణాలు, తోడు వెళ్ళే తల్లి పోగొట్టుకొనే కూలి కూడా లెక్కలో ఉండాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకాలలో ఆ వైద్యం ఉందేమో ముందే విచారించండి. అక్కడ ఉచితంగా జరిగేదానికి మీ సొమ్ము వెచ్చించవద్దు. పథకం ఇవ్వని ఖర్చులకు దాచి ఉంచండి.

రెండవది, ఎంత ఇవ్వాలి? ఒక దీనారము ఒక దినపు కూలి అని ద్రాక్షతోట పనివారి ఉపమానం మనకు నేర్పుతుంది. సమరీయుడు ఇచ్చినది రెండు దినాల కూలి. ప్రతి కుటుంబమూ తన రెండు దినాల సంపాదన ఇవ్వమని కోరుతున్నాను. వ్యవసాయ కూలి తన కూలి ప్రకారం, ఉపాధ్యాయుడు తన జీతం ప్రకారం ఇస్తే ఇద్దరూ దేవుని ఎదుట సమానంగా ఇచ్చినట్లే. ఇక రెండవ మాట నిలబెట్టుకొనేందుకు, వంట చేసేటప్పుడు రోజూ ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేయండి. పూజ తరువాత కానుకల వేలంలో నెలకొక వారం వచ్చిన సొమ్మును దీనికే కేటాయించండి. గుమ్మడికాయను రెట్టింపు ధరకు పాడినవాడు ఒక బిడ్డ బస్సు చార్జీ చెల్లించినవాడవుతాడు.

మూడవది, ఈ నిధికి వేరే ఖాతా, వేరే పుస్తకం ఉండాలి. మూడు నెలలకొకసారి లెక్క దేవాలయంలో చదవాలి. మిగిలినది మరొక బిడ్డకు పోవాలే తప్ప పందిరికి పోకూడదు. ప్రతి బిడ్డకూ ఇద్దరు పెద్దలను బాధ్యులుగా పెట్టండి. విన్సెంట్ దె పాల్ సభ 1833లో పారిస్ నగరంలో కొద్దిమంది యువకులతో పుట్టిననాటినుండి పేదల ఇండ్లకు వెళ్ళడమే దాని ముఖ్యమైన పని. మన సభ్యులు కూడా ఆ ఇంటికి నెలకొకసారి వెళ్ళి, కాలిపర్ కాలికి ఉందా, మేకుకు ఉందా అని చూసి రావాలి. విచారణకర్త మారినా ఆ పుస్తకం, ఆ బాధ్యత మారకూడదు.

నాలుగవది, బిడ్డను పీఠం ముందు నిలబెట్టి కాలు చూపించి చందా అడగవద్దు. ఫొటో తీసి గోడకు అంటించవద్దు. పదిహేనేండ్ల అమ్మాయికి తన కాలు ఒక సిగ్గు. ఆ సిగ్గును మనం అమ్ముకోరాదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు నేర్పిన పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఒక్క హెచ్చరిక. అన్ని కాళ్ళూ నిటారు కావు. పునీత లొయోలా ఇన్యాసివారికి 1521లో పాంప్లోనా కోటవద్ద ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. వంకరగా అతికిన ఎముకను మళ్ళీ విరిచి సరిచేశారు. పైకి పొడుచుకు వచ్చిన ఎముకను రంపంతో కోశారు. మత్తుమందు లేని కాలమది. ధనిక కుటుంబంలో పుట్టారు గనుక అన్ని వైద్యాలూ అందాయి. అయినా జీవితాంతం కుంటుతూనే నడిచారు. అలా కుంటుతూనే యెరూషలేమువరకు వెళ్ళారు, యేసు సభను స్థాపించారు. నడక ఎలా ఉన్నా దేవుని ఎదుట మనిషి విలువ తగ్గదు. వైద్యులు ఇక చేయగలిగినది లేదన్న బిడ్డకు మన నిధిలో భాగం లేదనకండి. ఆ బిడ్డకు చక్రాల కుర్చీ, చదువు, దేవాలయం మెట్లపక్కన ఒక వాలు బాట ఇవ్వండి.

వచ్చే పవిత్ర గురువారం పాదప్రక్షాళనకు ముందు మీలో ప్రతి ఒక్కరూ ఒక బిడ్డను తలచుకోండి. మీ వీధిలోని బిడ్డనే తలచుకోండి. రెండు దినాల కూలి కవరులో పెట్టండి. దానితోపాటు, తిరిగి వస్తానన్న మాట ప్రభువుకు ఇవ్వండి. కవరు పెట్టెలో వేసినంత సులువుగా ఆ మాట తీరదు. ఏడాది తరువాత ఆ ఇంటి తలుపు తట్టినప్పుడే అది తీరుతుంది.

సుందర ద్వారము వద్ద కుంటివానిని లేపిన ప్రభువు మన చేతులను బలపరచును గాక. మొదలుపెట్టిన దయను చివరివరకు కొనసాగించే ఓర్పును మనకు దయచేయును గాక. బిడ్డను ఎత్తుకొని ఐగుప్తుకు నడిచిన మరియమాత మన తల్లుల అలసిన పాదాలకు తోడుండును గాక. ఆమెన్.

క్రీస్తునందు మీ సేవకుడు,
ఒక గురువు